వెతకాలా, చదవాలా? బూట్ కాని కెర్నల్ మీద ఒక సంవాదం

వాది: నిన్నటి కెర్నల్‌తో బూట్ అయిన కంప్యూటర్ ఇవాళ్టి కెర్నల్‌తో బూట్ కావడం లేదు. ఇందులో తల బద్దలు కొట్టుకోవాల్సింది ఏముందండీ? నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య మారినవాటిలోనే ముద్దాయి ఉన్నాడు. మారినవన్నీ గిట్‌లో వరుసగా నమోదై ఉన్నాయి. సరిగ్గా నడిమి కమిట్ తీసుకుని, కంపైల్ చేసి, బూట్ చేయండి. బూట్ అయితే తప్పు తర్వాతి సగంలో ఉంది, కాకపోతే ముందటి సగంలో. ఆ సగంలో మళ్లీ నడిమిది. లైనక్స్‌లో ఒక విడుదలకూ మరో విడుదలకూ మధ్య ఈమధ్య 13, 14 వేల కమిట్‌లు చేరుతున్నాయి. అయినా సగాలు చేసుకుంటూ పోతే 14 బూట్‌లలో ఒక్కటే మిగులుతుంది. కెర్నల్ కోడ్‌లో ఒక్క లైను అర్థం కానివాళ్లు కూడా చేయగల పని. దీన్నే బైసెక్ట్ అంటారు. చేయండి, తేలింది పంపండి.

ప్రతివాది: 14 సార్లు కంపైల్ చేసే ముందు తెర మీద ఏం రాసి ఉందో చదివారా? చాలామందికి కనబడేది ఒకటే మాట: కెర్నల్ ప్యానిక్, వీఎఫ్ఎస్, అన్ఏబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్ ఆన్ అన్‌నోన్ బ్లాక్ సున్నా, సున్నా. ఆ రెండు సున్నాల్లోనే సగం కథ ఉంది. కెర్నల్ లేచింది, తన పనులన్నీ చేసుకుంది, చివరికి రూట్ ఫైల్ సిస్టమ్ కోసం చూస్తే దానికి డిస్కే కనబడలేదు. అంటే డిస్క్ తెరవడానికి కావాల్సిన డ్రైవర్లుండే తొలి ఫైళ్ల మూట, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్, లోడ్ కాలేదు, లేదంటే డిస్క్ డ్రైవర్ అందులో చేరలేదు. బూట్ పార్టిషన్ పాత కెర్నళ్లతో నిండిపోయి, కొత్త ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ రాయడానికి చోటు లేక అప్‌డేట్ సగంలో ఆగిపోయి ఉంటుంది. పాత కెర్నల్‌తో లోపలికి వెళ్లి, అక్కర్లేనివి రెండు తీసేసి, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ మళ్లీ తయారుచేస్తే సరిపోయేది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తుతున్నారు మీరు.

వాది: ఆ కేసు మీకే వదిలేశాను. నేను మాట్లాడుతున్నది...

ప్రతివాది: అంత తేలిగ్గా వదలకండి, ఆ ఒక్కటే కాదు. 2020 జులైలో బూట్‌హోల్ అనే భద్రతా లోపాన్ని పూడ్చడానికి వచ్చిన అప్‌డేట్ వేసుకున్నాక ఎన్నో రెడ్ హ్యాట్, సెంటాస్ సర్వర్లు బూట్ కావడం మానేశాయి. అక్కడ తప్పు, గ్రబ్‌కు ముందు నడిచే షిమ్ అనే చిన్న బూట్‌లోడర్‌ది. 2024 ఆగస్టులో ఒక విండోస్ అప్‌డేట్, అదే కంప్యూటర్‌లో పక్కన ఉన్న లైనక్స్‌ల పాత బూట్‌లోడర్‌ను చెల్లదని తిప్పికొట్టింది. ఈ రెండు చోట్లా కెర్నల్ తన మొదటి ఇన్‌స్ట్రక్షన్ దాకా కూడా రాలేదు. దాని చరిత్రను ఎన్ని సగాలు కోసినా అక్కడ ఏమీ దొరకదు. ‘బూట్ కాలేదు’ అనే ఒక్క మాట కింద ఫర్మ్‌వేర్, షిమ్, గ్రబ్, కెర్నల్, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్, సిస్టమ్‌డీ ఇన్ని మెట్లున్నాయి. ఏ మెట్టు మీద కాలు జారిందో చదివి తేల్చుకున్నాకే మీ బైసెక్ట్‌కు పని.

వాది: ఏ మెట్టో తేల్చడం దాకా చదవాలి, ఒప్పుకున్నాను. కానీ చదవడంలో ఒక ఉచ్చు ఉంది. తెర మీద చివర మిగిలిన లైను దోషిది కాదు, ఆఖరున మాట్లాడినవాడిది. యూఎస్‌బీ మౌస్ దొరికిందని రాసి తెర బిగుసుకుపోతే జనం మౌస్ పీకి చూస్తారు. బిగుసుకుపోయింది దాని తర్వాతి డ్రైవర్, నోరు విప్పకముందే. ఇక ‘లోడింగ్ ఇనిషియల్ రామ్‌డిస్క్’ అని వచ్చి ఆగిపోయిందనుకోండి. ఆ మాట కెర్నల్‌ది కూడా కాదు, గ్రబ్‌ది. కన్సోల్ పుట్టకముందే చచ్చిపోయిన కెర్నల్ దగ్గర మీరేం చదువుతారు?

ప్రతివాది: మాట్లాడించి చదువుతాను. గ్రబ్ మెనూలో కెర్నల్ లైను తెరిచి ‘క్వైట్’ తీసేస్తాను, ‘ఇగ్నోర్ లాగ్‌లెవెల్’ చేరుస్తాను. ‘ఎర్లీకాన్’ ఇస్తే ఫర్మ్‌వేర్ అప్పగించిన తెర మీదే తొలి మాటలు వస్తాయి. ‘ఇనిట్‌కాల్ డీబగ్’ ఇస్తే కెర్నల్ ఏ ఫంక్షన్‌లోకి వెళ్లి తిరిగి రాలేదో పేరుతో సహా చెబుతుంది. మీ మౌస్ కథకు జవాబు అదే. లైన్లు మరీ వేగంగా దూసుకుపోతుంటే ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి చూసుకునేవాళ్లున్నారు. నవ్వకండి, సీరియల్ పోర్ట్ లేని ల్యాప్‌టాప్ మీద అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

బిల్డ్ దగ్గరైతే చదివితే చాలు, ఇంకేమీ అక్కర్లేదు. ఉబుంటు వాళ్ల కాన్ఫిగ్ ఫైలు తెచ్చుకుని అసలు కెర్నల్ సోర్స్‌ను కంపైల్ చేస్తే, కానానికల్ సర్టిఫికెట్ల ఫైలు తయారుచేయడానికి రూలు లేదని మేక్ ఆగిపోతుంది. ఆ ఫైలు ఉబుంటు సోర్స్‌లో ఉంటుంది, మీ దగ్గర ఉండదు. కాన్ఫిగ్‌లో ‘సిస్టమ్ ట్రస్టెడ్ కీస్’ దగ్గర పేరు చెరిపేస్తే ముందుకు పోతుంది. ఎనిమిది జాబ్‌లు ఒకేసారి నడిపితే అసలు ఎర్రర్ ఎక్కడో పైన పడి ఉంటుంది, అడుగున మిగిలేది ‘ఎర్రర్ 2’ అనే పనికిరాని ముక్క. జనం ఆ ముక్కనే పట్టుకుని అందరినీ అడుగుతుంటారు. ఒక్క జాబ్‌తో మళ్లీ నడిపి, మొట్టమొదటి ఎర్రర్ చదవండి.

వాది: బిల్డ్ విషయంలో మీతో గొడవ లేదు. కంపైలర్ ఉన్నదున్నట్టే చెబుతుంది.

ప్రతివాది: ఆ మాట మీద నిలబడండి మరి. 2020లో జీసీసీ 10 వచ్చింది. ఒకే గ్లోబల్ వేరియబుల్ రెండు ఫైళ్లలో కనబడితే అంతకుముందు గప్‌చుప్‌గా కలిపేసేవారు, ఇకమీదట కుదరదన్నారు. దాంతో పాత కెర్నళ్లలోని డివైస్ ట్రీ కంపైలర్ బిల్డ్ ఆగిపోయింది. అది నయం, కనీసం చెప్పి ఆగింది. రెండోది గడుసుది. కంపైల్ శుభ్రంగా అయిపోయేది, బూట్ చేస్తే ‘స్టార్ట్ సెకండరీ’ అనే ఫంక్షన్‌లో స్టాక్ చెడిపోయిందంటూ ప్యానిక్. ప్రాసెసర్‌లో రెండో కోర్ నుంచి ప్రతిదీ లేవగానే నడిపే ఫంక్షన్ అది. స్టాక్ చెడిందో లేదో కనిపెట్టడానికి ఉంచే కాపలా విలువను కెర్నల్ ఆ ఫంక్షన్ నడుస్తుండగానే మారుస్తుంది. ఫంక్షన్ ఎప్పటికీ తిరిగి రాదు కాబట్టి ఆ విలువను సరిచూసే సందర్భమే అంతకుముందు వచ్చేది కాదు. జీసీసీ 10 చివరి కాల్‌ను టెయిల్ కాల్‌గా మార్చి, దానికి ముందు తనిఖీ పెట్టింది. తనిఖీలో విలువ తేడా వచ్చింది. కెర్నల్‌లో ఒక్క అక్షరం మారలేదు, మారింది కంపైలర్. ఇప్పుడు పాత కెర్నళ్ల మీద మీ బైసెక్ట్ నడపండి. ఏది ముట్టుకున్నా చెడ్డదే అంటుంది. ‘నువ్వు అడుగుతున్న ప్రశ్నే తప్పు’ అని చెప్పే తెలివి దానికి లేదు.

వాది: ఉంది మాస్టారూ, మీరు మొదటి అడుగు ఎగ్గొట్టి మాట్లాడుతున్నారు. మంచిదని మనం నమ్ముతున్న కెర్నల్‌ను ముందు మన చేతులతో, మన కంపైలర్‌తో కంపైల్ చేసి బూట్ చేయాలి. డిస్ట్రో ఇచ్చిన ప్యాకేజీ బూట్ అయిందన్నది సాక్ష్యం కిందికి రాదు. మన చేత్తో చేసిన ఆ మంచిదే ప్యానిక్ అయితే తప్పు కమిట్‌లలో లేదు, పనిముట్లలో ఉందని తొలి బూట్‌లోనే తేలిపోతుంది. కావాలంటే కెర్నల్ డాట్ ఆర్గ్‌లో పాత జీసీసీలు సిద్ధంగా ఉన్నాయి. ‘లోకల్‌మాడ్‌కాన్ఫిగ్’ వాడితే మీ కంప్యూటర్‌కు కావాల్సిన డ్రైవర్లే కంపైల్ అవుతాయి, గంట పని నిమిషాల్లోకి దిగుతుంది. కంపైల్ కాని కమిట్ మధ్యలో తగిలితే స్కిప్ అనే సదుపాయం ఉంది.

ప్రతివాది: కాన్ఫిగ్ సంగతి? వెనక్కి వెళ్లినప్పుడల్లా అప్పటికింకా పుట్టని ఆప్షన్‌లు రాలిపోతాయి. మళ్లీ ముందుకొచ్చినప్పుడు అవి వాటి డీఫాల్ట్‌లతో వచ్చి కూర్చుంటాయి. అలా మీ డిస్క్ డ్రైవర్ ఒకటి ఊడిపోయిందంటే, మంచి కమిట్‌ను చెడ్డదని రాసుకుంటారు. అక్కడినుంచి మిగిలిన మెట్లన్నీ దండగ.

వాది: నిజమే, బైసెక్ట్‌లు ఎక్కువగా అక్కడే దెబ్బతింటాయి. ప్రతి మెట్టులోనూ మొదటి మంచి కాన్ఫిగ్‌నే తెచ్చి పెట్టుకోవాలి, ముందటి మెట్టులో మిగిలింది కాదు. ఈ మాట చెప్పాల్సినంత గట్టిగా ఎవరూ చెప్పరు.

ప్రతివాది: సరే, అన్ని జాగ్రత్తలూ తీసుకుని, ఎక్కడా తప్పు లేకుండా చేసిన బైసెక్ట్‌నే తీసుకుందాం. 2019లో 5.3 కెర్నల్ తయారవుతున్న రోజులు. కొన్ని ల్యాప్‌టాప్‌లు బూట్ మధ్యలో ఆగిపోయేవి. లాగిన్ తెర రాదు. మౌస్ కదిపితేనో, కీబోర్డ్ నొక్కితేనో కదులుతుంది. బైసెక్ట్ చేస్తే తేలిన కమిట్ ఏమిటో తెలుసు కదా? ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో డిస్క్‌కు పంపే చిన్న చిన్న అభ్యర్థనలను ఒక గుంపుగా కలిపి పంపే మార్పు. అందులో తప్పు లేదు, అది నిఖార్సైన మెరుగుదల. జరిగిందేమిటంటే, డిస్క్‌కు అభ్యర్థనలు తగ్గాయి కాబట్టి డిస్క్ నుంచి ఇంటరప్ట్‌లు తగ్గాయి. ఆ రోజుల్లో కెర్నల్ ఎక్కువగా ఇంటరప్ట్‌ల టైమింగ్ నుంచే యాదృచ్ఛికతను పోగుచేసుకునేది. అది చాలినంత పోగుపడేదాకా ‘గెట్‌ర్యాండమ్’ అని అడిగిన ప్రోగ్రాం నిలబడి ఉండాల్సిందే. లాగిన్ తెర తెచ్చే ప్రోగ్రాం బూట్ మొదట్లోనే అలా అడిగి నిలబడిపోయింది. అందరూ దాని కోసం నిలబడ్డారు. అసలు లోపం గెట్‌ర్యాండమ్ ఎంతసేపైనా ఆపేయగలగడంలో ఉంది, దాన్ని బూట్ మొదట్లోనే పిలవడంలో ఉంది. మీ బైసెక్ట్ మాత్రం ఫైల్ సిస్టమ్ వైపు వేలు చూపింది. అత్త మీది కోపం దుత్త మీద పడింది.

వాది: మీరు నా బల్లెం తీసుకుని నన్నే పొడుస్తున్నారు. ఆ కేసు నాది! లాగిన్ తెర రాలేదంటే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను చదువుతారు, సిస్టమ్‌డీ లాగ్ చదువుతారు, గ్నోమ్‌ను తిడతారు. వందేళ్లు చదివినా డిస్క్ వేగం పెరగడం వల్ల లాగిన్ తెర ఆగిందని ఎవరికి తడుతుంది? ఆ రెండింటికీ సంబంధం ఉందన్న మొదటి మాట బైసెక్ట్ చెప్పింది. సంబంధం ఏమిటో తర్వాత మనుషులు చదివి కనుక్కున్నారు. పైగా ఏ క్రమంలో జరిగిందో చూడండి. సెప్టెంబర్ 15న 5.3 విడుదలకు ముందు లైనస్ టోర్వాల్డ్స్ ఆ ఈఎక్స్‌టీ4 కమిట్‌ను వెనక్కి తీసేశారు. అది తప్పు కాదని ఆయనకు తెలుసు, ఆ సంగతి చెప్పే తీశారు. యాదృచ్ఛికత గురించి పెద్దల వాదన ఎప్పటికి తెగుతుందో తెలియదు, అప్పటిదాకా జనం కంప్యూటర్లు బూట్ కావాలి. తర్వాత 5.4లో, ఇంటరప్ట్‌ల కోసం ఊరికే కాచుకోకుండా ప్రాసెసర్ సైకిళ్ల ఊగిసలాట నుంచి కెర్నల్ తానే యాదృచ్ఛికత పుట్టించుకునే పద్ధతి వచ్చింది. ఈఎక్స్‌టీ4 మార్పు మళ్లీ లోపలికి వచ్చింది. ఇందులో నష్టపోయిందెవరు?

ప్రతివాది: ఆ కేసులో ఎవరూ నష్టపోలేదు. ఎందుకంటే దాన్ని చదవగలిగినవాళ్లు అక్కడ ఉన్నారు, పట్టుబట్టి వాదించారు. పేరు మోసిన ఫైల్ సిస్టమ్ కాకుండా ఏ మూలనో పడి ఉన్న డ్రైవర్ అయి ఉంటే? కమిట్ తీసేస్తారు, కంప్యూటర్ బూట్ అవుతుంది, అందరూ ఇంటికి పోతారు. గెట్‌ర్యాండమ్ లోపం అక్కడే ఉంటుంది. ఎవరైనా ఇంకేదైనా వేగం పెంచిన రోజున మళ్లీ లేస్తుంది. అలా లక్షణం మీద దుప్పటి కప్పిన రివర్ట్‌లు కెర్నల్ చరిత్రలో ఎన్ని ఉన్నాయో ఎవరు లెక్కపెట్టారు?

వాది: ఎవరూ లెక్కపెట్టలేదు. మీరూ లెక్కపెట్టలేదు.

(ఇక్కడ కాసేపు ఇద్దరూ గొంతులు పెంచారు. అందులో వాదన తక్కువ, వేడి ఎక్కువ కాబట్టి వదిలేస్తున్నాను.)

ప్రతివాది: సరే, ఇంకోటి. 2008 శరదృతువు, 2.6.27 తయారవుతోంది. ఇంటెల్ ఈ1000ఈ నెట్‌వర్క్ కార్డులున్న కంప్యూటర్లలో కార్డులు చచ్చిపోతున్నాయి. డ్రైవర్ పనిచేయకపోవడం కాదు, కార్డు లోపలి చెరగని మెమరీయే చెరిగిపోతోంది. రీబూట్ చేసినా, పాత కెర్నల్ వేసినా కార్డు తిరిగి రాదు. మీ పద్ధతిలో ప్రతి ‘చెడ్డది’ అనే జవాబుకూ ఒక కార్డు బలి. ఇది ఇంట్లో కూర్చున్న మనిషి చేసే పనేనా?

వాది: కాదు. కానీ ఆ కథ చివరిదాకా చెప్పండి. ఇంటెల్ ఇంజినీర్లు పెట్టెడు కార్డులు ముందేసుకుని ల్యాబ్‌లో కూర్చుని బైసెక్టే చేశారు. కార్డులు కాల్చుకుంటూ చేశారు. తేలిందేమిటి? అప్పటిదాకా అందరూ ఈ1000ఈ డ్రైవర్‌ను అనుమానించారు, కొన్నాళ్లు ఎక్స్ సర్వర్‌ను అనుమానించారు. తేలింది ఎఫ్‌ట్రేస్. నెట్‌వర్క్‌తో ఏ చుట్టరికమూ లేని, కెర్నల్ ఫంక్షన్లను గమనించే పనిముట్టు. డ్రైవర్ కోడ్ చదువుతూ కూర్చున్నవాళ్లు దాని పక్కకు కూడా పోయేవాళ్లు కాదు.

ప్రతివాది: పేరు బయటపెట్టింది బైసెక్ట్, కాదనను. కానీ ఆ పేరు చెబితే ఎవరు నమ్ముతారు? ఎఫ్‌ట్రేస్ నెట్‌వర్క్ కార్డును ఎలా చెరుపుతుంది? చదివితేనే తెలిసింది. మాడ్యూల్ మొదలయ్యేటప్పుడు మాత్రమే కావాల్సిన కోడ్‌ను పని అయ్యాక కెర్నల్ వదిలేస్తుంది. ఎఫ్‌ట్రేస్ ఆ చిరునామాలను గుర్తుపెట్టుకుని, తర్వాత తీరిగ్గా వచ్చి అక్కడ రాయబోతుంది. ఈలోపు అదే చిరునామాలో ఆ కార్డు మెమరీ వచ్చి కూర్చుంది. అక్కడ పాత కోడ్ ఉందో లేదో పోల్చి చూసి, ఉంటేనే రాద్దామని చేసే ఇన్‌స్ట్రక్షన్ కూడా కార్డు దృష్టిలో రాతే. ఈ గొలుసులో ఒక్క లంకెను కూడా బైసెక్ట్ చూపించలేదు. అందుకే విడుదలైన వెంటనే 2.6.27.1లో డైనమిక్ ఎఫ్‌ట్రేస్‌ను పనికిరాదని ముద్రవేసి మూసేయగలిగారు, ఈ1000ఈని కాదు.

వాది: పేరు నాది, గొలుసు మీది. పంచుకుందాం.

ప్రతివాది: పంచుకోవడం ఇష్టమే, కానీ నాకు పేరు లేకుండా కూడా గొలుసు దొరకొచ్చు. గొలుసు లేని పేరు మీకు దేనికి?

వాది: ఆ పేరు పట్టుకుని ఒక మనిషిని నిద్ర లేపొచ్చు. అదే పెద్ద ఉపయోగం. ‘బూట్ కావడం లేదు’ అని ఉత్తరం రాస్తే అది ఎవరికీ రాసిన ఉత్తరం కాదు. ఫలానా కమిట్ వల్ల బూట్ కావడం లేదని రాస్తే ఆ కమిట్ రాసినవారికి, దాన్ని చేర్చుకున్న మెయింటెయినర్‌కు నేరుగా తగులుతుంది. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఇంజినీరింగ్ చదివే కుర్రాడికి మెమరీ మేనేజ్‌మెంట్ ఏం తెలుసు? కానీ అతని దగ్గరున్న చవక ల్యాప్‌టాప్ ప్రపంచంలో ఏ కెర్నల్ డెవలపర్ దగ్గరా ఉండకపోవచ్చు. దాని మీద జరిగేది చూడగలిగింది అతనొక్కడే. మీ పద్ధతిలో మాట్లాడాలంటే ముందు పదేళ్లు చదవాలి. నా పద్ధతిలో అతను రేపే సాక్షి కావచ్చు.

ప్రతివాది: అలాంటప్పుడు ఆ కుర్రాడి వైపు నుంచి కూడా చూడండి. అతనికి ఉన్నది ఒక్కటే ల్యాప్‌టాప్. పాతది, రెండు కోర్‌లది. కంపైల్‌కు గంటలు పడుతుంది, మధ్యలో కరెంటు పోతుంది. ఎల్లుండి ప్రాజెక్ట్ రివ్యూ. అతను తెర ఫొటో తీసి, లాగ్ జతచేసి రాస్తే వచ్చే మొదటి జవాబు ఏమిటి? బైసెక్ట్ చేసి చెప్పండి. లాగ్‌ను ఒక్కసారి చూసి ఉంటే పది నిమిషాల్లో తెలిసేదానికి అతని శని ఆదివారాలు ఖర్చు. మీరు దాన్ని సాక్ష్యం అంటున్నారు. నాకు అది వెట్టి పనిలా కనబడుతోంది. తెలిసినవాడి పది నిమిషాలు మిగలడానికి తెలియనివాడి పది గంటలు.

వాది: ఆ మాట తగిలింది. కాదనలేను. లాగ్ విప్పకుండా బైసెక్ట్ అడిగే అలవాటు మంచిది కాదు. కానీ అవతలి లెక్క కూడా చూడండి. మెయింటెయినర్లు పిడికెడు మంది. చాలా డ్రైవర్లకు ఒక్కరే, కొన్నింటికి ఆ ఒక్కరూ తీరిక వేళల్లోనే. వాళ్ల దగ్గర లేని హార్డ్‌వేర్ మీద, వాళ్లు చూడలేని తెర మీద జరిగినదాన్ని ఊహించాలి. పది నిమిషాల్లో తేలేవి ఉన్నాయి, ఆరు నెలలు ఊహించినా తేలనివీ ఉన్నాయి. లాగ్ చూడకముందు ఏది ఏ కోవదో ఎవరికీ తెలియదు.

పైగా కుర్రాడు 14 సార్లూ కంపైల్ చేయాల్సిన పని లేదు. డెబియన్ పాత ప్యాకేజీలన్నీ తేదీలవారీగా దాచి ఉంచుతుంది. ఉబుంటు అసలు కెర్నల్‌ను మార్పుల్లేకుండా కంపైల్ చేసి, విడుదలకు ముందు వచ్చే పరీక్ష కెర్నళ్లయిన ఆర్‌సీలతో సహా అందుబాటులో పెడుతుంది. అవి దింపుకుని ఏ ఆర్‌సీ దగ్గర విరిగిందో కంపైల్ లేకుండానే తేల్చొచ్చు. ఆ ఒక్క ముక్క చెప్పినా మెయింటెయినర్‌కు వెతకాల్సిన చోటు బాగా తగ్గుతుంది.

ప్రతివాది: అది న్యాయంగా ఉంది. అయితే ఆ ఆర్‌సీలలో ఒక దాని పేరు చివర ‘డోంట్‌యూజ్’ అని ఉంటుంది, చూశారా? 2021 మార్చి, 5.12-ఆర్‌సీ1. స్వాప్‌ను పార్టిషన్‌లో కాకుండా ఫైలులో పెట్టుకున్నవాళ్లకు, కెర్నల్ ఆ ఫైలు డిస్క్‌లో ఎక్కడుందన్నది మరిచిపోయి, ఫైల్ సిస్టమ్ నెత్తిన రాసేది. టోర్వాల్డ్స్ ట్యాగ్ పేరే మార్చేశారు. పేరు మారినా ఆ కమిట్‌లు చరిత్రలో ఉన్నాయి. ఎప్పుడో ఒక రోజు ఎవరో వేరే బగ్ కోసం సగాలు చేసుకుంటూ వెళ్లి సరిగ్గా ఆ చోట కాలు పెడతారు. వాళ్ల ఫైళ్లు పోతాయి. చరిత్రలో వెనక్కి నడవడం క్షేమమని మీరు అనుకుంటున్నారు, అక్కడ మందుపాతరలున్నాయి.

వాది: ఆ పేరు మార్చింది బైసెక్ట్ చేసేవాళ్ల కోసం కూడా! ఆర్‌సీ1 మీద కొత్త బ్రాంచ్‌లు మొదలుపెట్టవద్దని డెవలపర్లను కోరడంలో ఉద్దేశమూ అదే: మందుపాతర ఉన్న నేల చిన్నదిగానే ఉండాలని. చరిత్రలో ప్రతి కమిట్ కంపైల్ కావాలి, బూట్ కావాలి అన్న నియమం ఎక్కడినుంచి వచ్చింది? ఎప్పుడో ఎవరో నడిమి నుంచి వచ్చి దాన్ని పట్టుకుంటారన్న భయం నుంచి. ఆ భయం వల్ల కూడా మార్పులను చిన్న చిన్న ముక్కలుగా, ఒక్కో ముక్కలో ఒకే సంగతి ఉండేలా రాస్తారు. మీరు ఇంత ఇష్టంగా చదివే ఏ 30 లైన్ల కమిట్ అయినా, చదవడానికి వీలుగా ఉందంటే కారణం మేము కూడా.

ప్రతివాది: అది నాకు తట్టలేదు. బాగుంది. కానీ బూట్‌లన్నీ అవును, కాదు అని తేలేవి కావు. రెండుసార్లకు ఒకసారి ఆగిపోయే కంప్యూటర్ తీసుకోండి. ప్రతి మెట్టులో ఐదుసార్లు బూట్ చేసి, ఐదూ సవ్యంగా అయితే మంచిదని రాస్తారు. చెడ్డ కెర్నల్ ఐదుసార్లు అదృష్టం కొద్దీ బూట్ అయ్యే అవకాశం 32లో ఒకటి. చిన్నదే అనిపిస్తుంది. 14 మెట్లలో సగం, అంటే ఏడు, నిజంగా చెడ్డవి అనుకుంటే ఎక్కడో ఒకచోట మోసపోయే అవకాశం నూటికి ఇరవై. ఐదిట్లో ఒక బైసెక్ట్, అంత కష్టపడీ, పూర్తి నమ్మకంతో తప్పుడు మనిషి తలుపు తడుతుంది.

వాది: పదేసి సార్లు బూట్ చేస్తే ఆ నూటికి ఇరవై నూటికి ఒకటి లోపు పడిపోతుంది. బూట్‌లను క్యూఈఎంయూ అనే నకిలీ కంప్యూటర్‌లో నడిపిస్తే యంత్రమే చేసుకుంటుంది, మనం పడుకోవచ్చు.

ప్రతివాది: ఆ బగ్ క్యూఈఎంయూలో వస్తే.

వాది: వస్తే. ఆ ‘వస్తే’ పెద్దదే, తెలుసు. అసలు హార్డ్‌వేర్ మీద మాత్రమే వచ్చే బూట్ బగ్‌లకు నా దగ్గర ఓపిక తప్ప మందు లేదు.

ప్రతివాది: చూడండి, టోర్వాల్డ్స్ 2000లో కెర్నల్‌లోకి డీబగ్గర్‌ను రానివ్వనన్నారు. డీబగ్గర్ ఉంటే జనం లక్షణాన్ని చూసి అతుకు వేస్తారని, లేకపోతే కోడ్‌ను అర్థం చేసుకుని బాగుచేస్తారని ఆయన బాధ. కేజీడీబీ అనే డీబగ్గర్ లోపలికి రావడానికి 2008 దాకా పట్టింది. నేను చెబుతున్నది ఆ పాత మాటే. సాధనం సులువైతే ఆలోచన బద్ధకిస్తుంది.

వాది: ఆయనే 2005లో గిట్ బైసెక్ట్ రాశారు.

ప్రతివాది: రాశారు. ఐదేళ్లలో ఆయన మనసు మారిందంటారా?

వాది: మారలేదనుకుంటాను. డీబగ్గర్ నిపుణుడిని బద్ధకస్తుణ్ని చేస్తుందని ఆయన భయం. బైసెక్ట్ ఆ నిపుణుడి కోసం కాదు, మిగతా అందరి కోసం. సరే, మీ ముందు ఒక కేసు పెడతాను, జవాబు చెప్పండి. ఒక ల్యాప్‌టాప్ మోడల్ బూట్ కావడం లేదు. బైసెక్ట్ చక్కగా చేశారు, ఒక కమిట్ తేలింది. అది తీసేస్తే బూట్ అవుతోంది. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. ఆ మోడల్ మెయింటెయినర్ దగ్గర లేదు. విడుదల ఆదివారం. ఏం చేస్తారు?

ప్రతివాది: కమిట్‌ను ముట్టుకోను. ఫర్మ్‌వేర్ ఇచ్చే మోడల్ పేరు చూసి, ఆ ఒక్క మోడల్‌ను పాత దారిలో పంపే క్విర్క్ రాస్తాను. పక్కనే కారణం ఇంకా తెలియదని కామెంట్ పెడతాను, ఎవరైనా వచ్చి చదువుతారని.

వాది: అదే చిప్ ఉన్న ఇంకో మోడల్ కొన్నవాళ్లు సోమవారం లేచి చూసుకుంటే?

ప్రతివాది: వాళ్లు రాస్తారు, ఇంకో క్విర్క్ చేరుతుంది. ఈలోపు చదవడం ఆగదు. మీరైతే?

వాది: మొత్తం రివర్ట్ చేస్తాను. ఆదివారం రెండు మోడళ్లూ బూట్ అవుతాయి.

ప్రతివాది: ఆ కమిట్ రాసిందే ఇంకెవరి కొత్త కంప్యూటర్‌నో బూట్ చేయించడానికి అయితే?

వాది: అయినా సరే. నిన్నటిదాకా బూట్ అవుతున్నవాళ్లది ముందు హక్కు. కొత్తవాళ్లు ఇంకో విడుదల దాకా ఆగగలరు, వాళ్లకు పోయిందేమీ లేదు.

ప్రతివాది: డబ్బు పెట్టి ఆ కొత్తది కొనుక్కుని, ఇప్పుడు నల్ల తెర ముందు కూర్చున్నవాడికి ఆ ముక్క మీరే చెప్పండి. నేను చెప్పలేను.

వాది: చెబుతాను. అతని లాగ్ మాత్రం మీరు చదివి పెట్టండి.